వెర్కుదరకు పేరు బరువైంది

నవంబరు 3, సోమవారం

పొద్దున్నించీ పొగమంచు. ఆఫీసు మెట్ల మీద నిలబడితే జెండా కర్ర సగం వరకే కనిపించింది. పైన జెండా ఉందో లేదో ఎవరూ అడగలేదు. పదకొండింటికి జల్లు. నివాస ధ్రువీకరణలు తొమ్మిది, పెళ్ళి కాగితాలు రెండు, ఆవు తప్పిపోయిందని పోలీసులకు ఉత్తరం ఒకటి. మధ్యాహ్నానికి ఆవు దానంతటదే ఇల్లు చేరింది. ఉత్తరం మాత్రం పోలీసుల దగ్గరే ఉండిపోయింది.

జిల్లా ఆఫీసు పంపిన కొత్త యాంటీవైరస్ ఇవాళ పెట్టాం. పాతది మూడేళ్ళుండి ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. ఇది పది నిమిషాల్లో ఎర్ర పెట్టె తెరిచింది. ‘ప్రమాదం: వెర్కుదర. పాస్‌వర్డ్‌లు దొంగిలించే పరికరం.’ కింద రెండు బొత్తాలు. తొలగించు, అనుమతించు. అనుమతించు నొక్కాను. గంటకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ నొక్కాను.

వెర్కుదర, గియార్తో అనే అతను రాసిన చిన్న ప్రోగ్రాం. దానికి మా జావా తోలుబొమ్మలాటలో భీముడి పేరు పెట్టాడు. గియార్తో మా గ్రామ కార్యాలయంలో యంత్రాలు చూసే మనిషి, ఏడాదికోసారి కాంట్రాక్టు తిరగరాస్తారు. ఇవన్నీ నాకు తెలిసినవే, అయినా ఎర్ర పెట్టెకు జవాబు చెప్పుకుంటున్నట్టు రాస్తున్నాను. వెర్కుదర మూడు పనులు చేస్తుంది. బిగుసుకుపోయిన ప్రింటర్ని కదిలిస్తుంది. చచ్చిన పెన్‌డ్రైవ్‌లోంచి ఫైళ్ళు పైకి లాగుతుంది. యంత్రంలో దాగిన పాస్‌వర్డ్, మనిషి మరిచిపోతే, చూపిస్తుంది.

మూడో పని సోమవారాలు మా కార్యదర్శి వసితో గారి కోసం. ఆయన పందెం పావురాలు పెంచుతారు. మొత్తం ఇరవై ఆరు. నెలకోసారి పాస్‌వర్డ్ మార్చాలని నియమం వచ్చినప్పటి నుంచీ ఆయన నెలకో పావురం పేరు పెడుతున్నారు. ఆదివారం పందేలు చూసి వచ్చేసరికి ఈ నెల ఏ పావురమో మరిచిపోతారు. ఇవాళా అంతే. గియార్తో వెర్కుదర తెరిచాడు, వసితో గారు కిటికీలోంచి బయటికి చూశారు. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, అందుకని ఎవరమూ మాట్లాడం.

నవంబరు 4

ఎర్ర పెట్టెలు పదకొండు. అది దొంగ కాదని దానికి ఎలా చెప్పడమని గియార్తోని అడిగాను. కోడికి మందు పోసేవాడూ కోడిని ఎత్తుకుపోయేవాడూ దాన్ని ఒకలాగే పట్టుకుంటారనీ, యాంటీవైరస్ చెయ్యి చూస్తుంది గానీ సీసా చూడదనీ అన్నాడు. తర్వాత నా పులిసిన సోయాగింజల టెంపే బజ్జీ ఒకటి తీసుకుపోయాడు. ఏ రకంగా పట్టుకున్నాడో నేను చూశాను.

నవంబరు 6

ఎర్ర పెట్టెలు మా యంత్రంలోనే ఉండిపోవట, జిల్లాకు కూడా పోతాయట. ఇవాళ వాట్సాప్ గుంపులో గ్రామాల వారీగా పట్టిక పెట్టారు. మొదటి స్థానం మాది, నలభై ఒకటి. దేన్లోనైనా మొదటి స్థానం వస్తే వసితో గారు పట్టిక కాగితం మీద తీయించి గోడకు అంటిస్తారు. ఇది అంటించలేదు.

పట్టిక కింద ఒక వాక్యం ఉంది. ఈ నెల 28 నాటికి శుభ్రంగా లేని కార్యాలయాల్లో కాంట్రాక్టు సిబ్బందిని కొనసాగించరు. మా ఆఫీసులో కాంట్రాక్టు సిబ్బంది అంటే ఒక్కడే.

గియార్తో వెర్కుదరని యాంటీవైరస్ కంపెనీకి వాళ్ళ వెబ్‌సైటులో పంపాడు. పరీక్షించి, తప్పు లేకపోతే తప్పు లేదని చెప్పండని రాశాడు. జవాబు ఎప్పుడొస్తుందో వాళ్ళు చెప్పలేదు. ఆఫీసు మెయిలు చూసేది నేను కనక రోజుకోసారి చూడమన్నాడు. చూస్తానన్నాను. నాకేమీ పని లేదన్నట్టు.

నవంబరు 8

సెలవు. బంగాళదుంపలకు మందు కొట్టాను. వెర్కుదర సంగతి ఆలోచించలేదు. మెయిలు నాలుగుసార్లు చూశాను. రాలేదు.

నవంబరు 10

ఆఫీసులో టీ కాచి, ఊడ్చే ముసలమ్మ మ్బా కసెమ్ ఇవాళ చీపురు పట్టుకుని ఎర్ర పెట్టె ముందు చాలాసేపు నిలబడింది. ఏమిటది అంటే గియార్తో బిడ్డకు జబ్బు చేసింది అన్నాను, ఎగతాళికే. ఆమె ఎగతాళి చెయ్యలేదు.

“పేరేమిటి?” అంది.

“వెర్కుదర.”

“ఎంత ఉంటుంది?”

గియార్తో చూసి చెప్పాడు. ఫోటో ఒకటి ఎంత ఉంటుందో అందులో సగం కూడా లేదు.

“ఇంత పిల్లకి అంత పేరా మాస్ గియార్తో? మొయ్యలేక పడిపోయింది. నా మనవడికి వాళ్ళ నాన్న భూమండల కిరీటమని పెట్టాడు. రెండేళ్ళు మూర్ఛలు. పైజో అని మార్చాం. ఇప్పుడు కుర్చీల ఫ్యాక్టరీలో చేస్తున్నాడు, జలుబు కూడా రాదు.”

మా వైపు ఇది మామూలే. పేరు బరువైతే బిడ్డ నలుగుతుంది, తేలిక పేరు పెట్టి ఎరుపూ తెలుపూ జావ వండి పంచుతాం. మా తమ్ముడికీ మార్చారు. కానీ ప్రోగ్రాంకు మార్చడం ఎవరూ వినలేదు. అందరం నవ్వాం. నవ్వు ఆగాక, సరే ఏం పేరు పెడదామని అడిగింది ఎవరో నాకు గుర్తులేదు.

పుట్టిన రోజు కావాలంది మ్బా కసెమ్. మనిషికైతే తల్లిని అడగాలి. ప్రోగ్రాంకు మౌసు కుడి బొత్తాం నొక్కితే చాలు. మూడేళ్ళ కిందటి జూన్ 2, గురువారం. మన జావా అయిదు రోజుల వారం లెక్కలో అది వగే. అదే జత ఈ గురువారం మళ్ళీ వస్తోంది.

నవంబరు 13, గురువారం, వగే

జావ బాగా కుదిరింది. కొబ్బరి పాలు చిక్కగా ఉన్నాయి. ఎర్రది ఒక గిన్నె, తెల్లది ఒక గిన్నె, యంత్రం పక్కన పెట్టాం. ఒక చెంచా కీబోర్డు మీద పడింది. ఇప్పుడు ‘క’ కొంచెం అంటుకుంటోంది.

గియార్తో రాత్రి కూర్చుని లోపలా బయటా పేరు మార్చి ప్రోగ్రాంను మళ్ళీ కట్టాడు. కొత్త పేరు పైమిన్. ఊళ్ళో పైమిన్‌లు ఆరుగురున్నారు, ఒక్కడూ ఆస్పత్రి మొహం చూడలేదు. వసితో గారు ప్రార్థన చదివారు. ఆయన గొంతు మంచిది, జావంటే ఇష్టం కూడా. ప్రార్థనలో యంత్రాలు, ప్రింటరు, జిల్లా అధికారులు, దుంపల ధర అన్నీ వచ్చాయి.

తర్వాత యాంటీవైరస్‌తో వెతికించాం. ఆకుపచ్చ.

మ్బా కసెమ్ తెర వైపు చూడనే లేదు, గిన్నెలు కడుక్కుంటూ ఉంది. గియార్తో మాత్రం, ప్రోగ్రాం కొత్తగా కట్టాను కనక యాంటీవైరస్ గుర్తు పట్టలేదంతే, మళ్ళీ పడుతుంది అని నాతో మెల్లిగా అన్నాడు. పడితే అప్పుడు చూద్దాం, ముందు నీ కాంట్రాక్టు దాటనీ అన్నాను. ఇష్టం లేకుండానే తలూపాడు. పేరు మార్చడం అతనికి మొదటినుంచీ ఇష్టం లేదు. ఎవరో బలవంతపెట్టారు.

నవంబరు 14

పచ్చ.

నవంబరు 17

పచ్చ. పట్టికలో మాది సున్నా. వసితో గారు కాగితం తీయించి గోడకు అంటించారు. పావురం పేరు మరిచారు, పైమిన్ చూపించాడు. చుట్టుపక్కల ఆరు గ్రామాల ఆపరేటర్లు పైమిన్‌ని పెన్‌డ్రైవ్‌ల మీద పట్టుకుపోయారు. లోయ కింది ఊరి ఆపరేటరు సాయంత్రం ఫోన్ చేసి, జావలోకి ప్యాకెట్ కొబ్బరి పాలు పనికొస్తాయా అని అడిగింది. మ్బా కసెమ్‌ని అడిగి చెప్పాను. పనికిరావు.

నవంబరు 18

ఎర్రగా ఉంది. మాది ఒక్కటే కాదు, ఏడు గ్రామాలు. యాంటీవైరస్ రాత్రికి రాత్రి కొత్త పాఠాలు నేర్చుకుని వచ్చింది. ఈసారి రాతలు వేరు. ‘పేరు మార్చుకుని తిరుగుతున్న ప్రమాదం.’ మిగతా ఆరుగురు ఆపరేటర్లూ భయపడి మధ్యాహ్నానికల్లా పైమిన్‌ని పెన్‌డ్రైవ్‌ల మీంచి కూడా తుడిచేశారు.

ప్యాకెట్ పాలు వాడారా అని మ్బా కసెమ్ అడిగింది.

నవంబరు 20

జిల్లా నుంచి ఉత్తరం. 24న హెంద్రత్మో అనే అధికారి వస్తాడు. మూడు ప్రశ్నలు ముందే రాసి పంపారు. ఎవరు తయారు చేశారు. పాస్‌వర్డ్‌లు చూపించే పరికరం గ్రామ కార్యాలయానికి ఎందుకు. పేరు ఎవరు, ఏ ఉద్దేశంతో మార్చారు.

మెయిలు చూశాను. కంపెనీ నుంచి ఏమీ లేదు.

నవంబరు 21

గియార్తో టీలో పంచదార వేసుకోడు. ఇది ఎందుకు రాస్తున్నానో.

నవంబరు 24, సోమవారం

వాన ఆగలేదు. హెంద్రత్మో తొమ్మిదింటికి రావాలి, పదిన్నరకు వచ్చాడు, బూట్లు చేతిలో పట్టుకుని. సన్నటి మనిషి, మర్యాదస్తుడు. పద్నాలుగు పేటల పెద్దల్ని కూర్చోబెట్టాం. ప్రమాదకర ప్రోగ్రాంల గురించి ఆయన ఉపన్యాసం. తెర మీద చూపించే బొమ్మలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఖాళీ. తీసి, తుడిచి, ఊది మళ్ళీ పెట్టాడు. ఖాళీ.

పద్నాలుగు మంది పెద్దలు లవంగం సిగరెట్లు కాలుస్తూ చూస్తున్నారు. వాళ్ళకు తొందరేమీ లేదు, అన్నం వస్తుందని తెలుసు.

హెంద్రత్మో నా వైపు వంగి, పేరుకు ముందు గౌరవంగా ‘బు’ చేర్చి, “బు రుమి, ఇది తీయడానికి ఏమైనా ఉందా మీ దగ్గర?” అన్నాడు.

నేను గియార్తో వైపు చూశాను. గియార్తో పైకప్పు చూశాడు. యాంటీవైరస్‌ని పావుగంట నిద్రపుచ్చి పైమిన్‌ని లేపాను. నాలుగు నిమిషాల్లో బొమ్మలన్నీ వచ్చాయి, వాటితోపాటు ఆయన కూతురి పుట్టినరోజు ఫోటోలు కూడా. ఏ ప్రోగ్రాంతో తీశానని ఆయన అడగలేదు. థాంక్స్ చెప్పి, ఆ బొమ్మలే చూపిస్తూ పైమిన్ లాంటి వాటి వల్ల దేశానికి ఎంత ముప్పో ముప్పావు గంట చెప్పాడు.

అన్నాలయ్యాక లోపలి గదిలో విచారణ. ఆయన, వసితో గారు, గియార్తో, నేను. తయారు చేసింది గియార్తో, అది దాచేదేమీ కాదు. పాస్‌వర్డ్‌లు చూడాల్సిన అవసరం ఏమొచ్చిందని అడిగాడు. గియార్తో వసితో గారి వైపు చూడకుండా, మరిచిపోయిన వాళ్ళకు అన్నాడు. ఎవరు మరిచిపోతారు? వసితో గారు తమ జేబులో కలం వెతుక్కున్నారు. కలం చేతిలోనే ఉంది.

“పేరు ఎవరు మార్చారు?”

“నేనే,” అన్నాడు గియార్తో.

“ఎందుకు?”

“జబ్బు చేసింది కనక.”

హెంద్రత్మో ముఖంలో నవ్వు లేదు. ఆయన పట్నం మనిషి. “పేరు మార్చుకుని తిరిగేది ఎవరు మాస్? మీరే చెప్పండి.”

జవాబు హెంద్రత్మోనే రాసుకున్నాడు. అప్పుడు నేను టీ పోస్తున్నాను. ఎవరో ఒకరు పోయాలి కదా.

చివర్లో ఆపరేటరుని నేనే కనక తొలగించు బొత్తాం నన్నే నొక్కమన్నాడు. మొదట మా యంత్రంలో, తర్వాత గియార్తో సొంత యంత్రంలో. నొక్కాను. ఎర్ర బొత్తాం, పెద్దది. ఎవరైనా నొక్కుతారు.

హెంద్రత్మో మూడుంబావుకు వెళ్ళాడు. బూట్లు మరిచిపోయి మళ్ళీ వచ్చాడు.

నవంబరు 25

వాన. దుంపలు కుళ్ళేట్టున్నాయి. ప్రింటరు బిగుసుకుంది. మరణ ధ్రువీకరణ చేత్తో రాసిచ్చాను. చనిపోయినాయన కొడుకు, చేతిరాత అయితే బ్యాంకులో ఒప్పుకుంటారా అన్నాడు. చచ్చిపోయిన మాట నిజమే కదా అన్నాను. ఇలా అనకుండా ఉండాల్సింది.

నవంబరు 26

మొన్న రాయనివి రెండు.

ఒకటి. పేరు మార్చుదామన్నది నేనే. ఏం పేరు పెడదామని అడిగిందీ నేనే. వద్దు, చూసేవాళ్ళకు దాచినట్టుంటుంది అని గియార్తో రెండుసార్లన్నాడు. మ్బా కసెమ్‌కి బియ్యం, బెల్లం కొనిచ్చింది నేను. కొబ్బరికాయలు మా పెరట్లోవి కావు గానీ బేరమాడింది నేనే.

రెండు. విచారణలో హెంద్రత్మో రాసుకున్న వాంగ్మూలం కింద సాక్షి సంతకం నాది. ‘గుర్తింపును దాచే ఉద్దేశంతో సదరు గియార్తో పేరు మార్చినట్లు.’ చదివే సంతకం చేశాను. అక్షరాలు కుదురుగా వచ్చాయి.

నవంబరు 27

పొద్దున ఏడింటికి మెయిలు. ‘మీరు పంపిన వెర్కుదర అనే ఫైలును పరీక్షించాం. అందులో ప్రమాదం లేదు. హెచ్చరిక పొరపాటుగా వచ్చింది. సరిచేశాం. అసౌకర్యానికి చింతిస్తున్నాం.’ కింద మనిషి పేరు లేదు, ఒక అంకె ఉంది.

ప్రింట్ తీద్దామంటే ప్రింటరు ఇంకా బిగుసుకునే ఉంది. కదిలించే ప్రోగ్రాంని నేనే తీసేశాను. చేత్తో కాపీ రాసి, ఆఫీసు ముద్ర వేసి, ఎనిమిదింటి వ్యాన్‌లో జిల్లా కేంద్రానికి పోయాను. వ్యాన్‌లో క్యాబేజీ బుట్టల మధ్య కూర్చున్నాను. కాగితం కొంచెం తడిసింది.

హెంద్రత్మో కూర్చోమన్నాడు. ఉత్తరం చదివాడు, ఫోన్‌లో అసలు మెయిలు కూడా చూపించాను, అదీ చదివాడు. రెండోసారి చదువుతూ వేలు ఒకచోట ఆపాడు.

“ఇది వెర్కుదరకు ఇచ్చారు బు. మీ ఊళ్ళో మేం పట్టుకున్నది పైమిన్.”

“రెండూ ఒకటేనండి.”

“ఒకటే అని వాళ్ళు రాయలేదు. పైమిన్ గురించి ఉంటే తీసుకురండి.”

పైమిన్‌ని నిర్దోషి అనడానికి మళ్ళీ పంపాలి. పంపడానికి పైమిన్ లేడు, ఆయన ఎదుటే తొలగించాను. ఇదంతా ఆయనకు తోచిందో లేదో తెలీదు. టీ ఇప్పించాడు. ఈసారి ఎవరో పోశారు.

అప్పుడు చెప్పాను. పేరు మార్చమన్నది గియార్తో కాదు, నేను. బిడ్డకు జబ్బు చేస్తే మా వైపు అలా చేస్తాం. అతను వద్దన్నాడు. పాస్‌వర్డ్‌లు మా కార్యదర్శి గారి కోసం, ఆయన పావురాల పేర్లు పెట్టి మరిచిపోతారు. పావురాలు ఇరవై ఆరు. మొన్న మీ పెన్‌డ్రైవ్ తీసింది కూడా పైమినే.

హెంద్రత్మో చాలాసేపు కాగితం సర్దాడు.

“వాంగ్మూలంలో ఇలా లేదే. సంతకం మీదేగా?”

“నాదే.”

“మరి మార్చి చెబుతున్నారు. దీనికి మిమ్మల్ని సంజాయిషీ అడగాల్సొస్తుంది.”

అడగమన్నాను. రెండు పేజీలు రాసిచ్చాను. పావురాల సంగతి కూడా రాశాను, సంఖ్యతో సహా. ఆయన తీసుకుని, తేదీ వేసి, సొరుగులో పెట్టాడు. సవరణలు జనవరి సమావేశంలో చూస్తారట. కాంట్రాక్టుల జాబితా రేపే.

పెన్‌డ్రైవ్ విషయం మాత్రం రాయకపోతే బాగుంటుందేమో అన్నాడు గుమ్మం దగ్గర. రాసేశానన్నాను.

నవంబరు 28

జాబితాలో గియార్తో పేరు లేదు.

యాంటీవైరస్ ఆకుపచ్చగా ఉంది. వసితో గారు నాతో మాట్లాడటం లేదు. పావురాల సంగతి ఆయనకు అప్పుడే చేరింది. జిల్లాలో కూడా పావురాలు పెంచేవాళ్ళున్నారు.

నవంబరు 30

కుళ్ళిన దుంపలు ఏరాను. రెండు బస్తాలు. వేరే ఏమీ లేదు.

డిసెంబరు 1, సోమవారం

మంచు లేదు. చాలా రోజులకు జెండా కనిపించింది, తలకిందులుగా ఉంది. ఎప్పటినుంచి అలా ఉందో. దించి సరిగా ఎగరేశాం. నివాస ధ్రువీకరణలు నాలుగు, చేత్తో.

గియార్తో సామాను సర్దుకోవడానికి వచ్చాడు. బంజర్నెగరలో అతని పినతండ్రికి ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది, అక్కడికి పోతున్నాడు. సామాను అంటే కీబోర్డు, మూడు స్క్రూడ్రైవర్లు, ఒక కప్పు. మ్బా కసెమ్ అరిటాకులో జావ పొట్లం కట్టిచ్చింది, రెండు రంగులూ. ఈసారి ఎవరికి పేరు మారుస్తున్నావని అడిగాడు. నీకే, అక్కడైనా తేలిగ్గా ఉండు అంది.

జిల్లాకు పోయి చెప్పి వచ్చానని అతనికి చెప్పాను. జనవరిలో చూస్తారని కూడా. కంపెనీ ఉత్తరం చేతిరాత కాపీ ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“విన్నాను. కానీ ముందు ఆ వాంగ్మూలం చూశాను బు రుమి,” అన్నాడు. “అక్షరాలు బాగున్నాయి.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే జవాబు చెప్పేదాన్ని.

వెర్కుదర ఎక్కడైనా ఇంకొకటి ఉందా అని అడిగాను, ప్రింటరు కోసం. లేదన్నాడు. మళ్ళీ రాయవచ్చు గదా అంటే, రాస్తే ముందు పేరు పెట్టాలి గదా అన్నాడు.

వసితో గారు లోపల పాస్‌వర్డ్ మరిచి కూర్చున్నారు. నన్ను పిలవలేదు. ఒక్కో పావురం పేరూ కొడుతున్నారు, పైకి చదువుతూ. పద్నాలుగో పావురం దగ్గర యంత్రానికి తాళం పడింది. అప్పుడు లేచి బయటికి వచ్చి గేటు దగ్గర గియార్తో సంచి పట్టుకున్నారు, వ్యాన్ వచ్చేదాకా.

నేను కప్పులు కడిగాను.

మ్బా కసెమ్ రెండింటికి ఇంటికి పోయింది. వసితో గారు మూడింటికి. నేను నాలుగింటికి తలుపు వేశాను. గియార్తో పదకొండూ నలభైకి వెళ్ళాడు.